పచ్చకొండ మీద తిండి అడవి

నేను అగ్రికల్చర్ బీఎస్సీ చదివానని మస్కట్‌లో మాకు తెలిసిన తెలుగువాళ్లందరికీ తెలుసు. నేనే చెబుతాను కాబట్టి తెలుసు. బౌషర్‌లో మా ఫ్లాటు బాల్కనీలో పెయింటు బకెట్‌లో ఒక కరివేపాకు మొక్క, దాని పక్కన బతకనా చావనా అని ఆలోచించుకుంటున్న ఒక మల్లె. పధ్నాలుగేళ్లలో నా వ్యవసాయం అంతే. ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన, "రండి, మా ఆవిడ ఎస్టేటు చూద్దురుగాని" అని ఆ బాల్కనీలోకి తీసుకెళ్లేవారు. ఆయన్ని అప్పుడే ఏ కొండ మీంచో తోసేయాల్సింది. కొండ దొరకడానికే పధ్నాలుగేళ్లు పట్టింది.

నేనొక స్కూల్లో బయాలజీ చెబుతాను. స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీ ఒక ఒమానీ టీచరుది, అరబిక్ చెబుతుంది. ఒకరోజు ఆవిడ తన ఇంటి గొడవ చెప్పుకొచ్చింది. వాళ్లమ్మగారికి జబల్ అఖ్దర్ మీద, అంటే పచ్చకొండ మీద, పుట్టింటి మళ్లు ఉన్నాయట. కొండవాలున మెట్లు మెట్లుగా రాతి గోడలు కట్టి మట్టి నింపిన మళ్లు. చూసేవాళ్లు లేక పడావు పడ్డాయి. అన్నదమ్ములిద్దరూ అక్కడ గెస్ట్‌రూములు కడదామంటున్నారు. తల్లి ఒప్పుకోవడం లేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. తల్లి ఒక చలికాలం గడువు అడిగింది. చలి తగ్గాక తాను కొండెక్కి వచ్చేసరికి ఆ మళ్లలో తోట కళ్లకు కనబడితే తోట, లేకపోతే గెస్ట్‌రూములు.

"నువ్వు వ్యవసాయం చదివావు కదా, మా అమ్మకు ఒక ప్లాను గీసిపెట్టవూ?" అంది.

నేను ఎగిరి గంతేయలేదు. ఎగిరి గంతేసినట్టు కనబడకుండా "చూద్దాం" అన్నాను.

కొండ మొదట్లో చౌకీ దగ్గర ఫోర్‌వీల్ బండి కాకపోతే పోలీసులు పైకి పంపరు. టీచరు తన పెద్ద బండిలో మమ్మల్ని తీసుకెళ్లింది. వెనక సీట్లో మా ఆయన ప్రతి మలుపుకూ ఆంజనేయస్వామిని పిలుస్తూనే ఉన్నారు. కింద బౌషర్‌లో ఒళ్లు మాడిపోయే ఎండ, పైన దిగేసరికి చున్నీ చెవులకు చుట్టుకోవాల్సిన గాలి. ఇదీ ఒమానేనా అనిపించింది.

అక్కడ మళ్ల దగ్గర కూలిన గోడలు ఎత్తి కడుతూ ఒకతను కనిపించాడు. నలభై దాటి ఉంటాయి. మా ఆయనా నేనూ మాట్లాడుకోవడం విని చేతిలో రాయి కింద పెట్టాడు.

"అక్కా, మీరు తెలుగోళ్లా?"

జగిత్యాల దగ్గర పల్లె అతనిది. సూర్‌లో, అల్ మవాలేలో ఏడేళ్లు కన్‌స్ట్రక్షన్ సైట్లలో చేసి, ఆ వేసవిలోనే కొండ మీదికి డ్యూటీ మారాడు. పైన తెలుగు మాట్లాడే మనిషి లేక మేకలతో మాట్లాడుతున్నానని చెప్పాడు. నేను అడక్కుండానే టీ పెట్టాడు, నేను అడక్కుండానే తమ్ముడైపోయాడు.

మాది కోనసీమ. మా వైపు తోటంటే కొబ్బరొక్కటే కాదు. పైన కొబ్బరి, దానికి అల్లుకున్న మిరియం తీగ, దాని నీడన కోకో, అరటి, నేల మీద పసుపు, కంద. ఒకే చోట నాలుగైదు అంతస్తుల పంట. చలిదేశాల వాళ్లు ఇదే పనిని పెద్ద విద్యగా చేసి, ఫుడ్ ఫారెస్ట్ అని పేరు పెట్టి పుస్తకాలు రాశారని వేసవి సెలవుల్లో చదివాను. మా ఆయన దానికి తిండి అడవి అని పేరు పెట్టారు. నేను డ్రాయింగ్ షీటు పరిచి, రంగు పెన్సిళ్లు చెక్కి, కొబ్బరి ఉండాల్సిన చోట అక్రోటు పెట్టాను. కోకో చోట ఖుబానీ, పీచ్, బాదం. అరటి చోట దానిమ్మ, అంజూర్. గోడల మీదికి ద్రాక్ష. కింద పసుపుకు బదులు వెల్లుల్లి, పుదీనా, గట్ల వెంట ఆ కొండకే పేరు తెచ్చిన గులాబీలు. ఖుబానీని అప్పటిదాకా హైదరాబాద్ పెళ్లిళ్లలో మీఠాగా తప్ప చెట్టుగా చూసిన పాపాన పోలేదు. అయితేనేం, కాగితం మీద అద్భుతంగా పండింది.

టీచరు తల్లి పెద్దావిడ, మోకాళ్ల నొప్పులు, మనిషి మాత్రం చురుకు. ఇక్కడ పనివాళ్లు ఇంటి పెద్దావిడను మామా అని పిలుస్తారు. చాప మీద కూర్చుని నాకు ఖర్జూరాలు, కాఫీ ఇచ్చి, నా షీటును అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఏదో అడిగింది. తమ్ముడు నవ్వు ఆపుకుంటూ తెలుగులో చెప్పాడు.

"నీళ్లు యాడికెళ్లి వస్తయని అడుగుతుంది అక్కా, మామా."

నాలుగు రంగుల్లో చెట్లు గీశాను, నీటి కాలువ గీయలేదు! అక్కడ నీళ్లంటే ఫలజ్, కొండ ఊట నుంచి వచ్చే రాతి కాలువ. ఊరందరికీ వంతులు. మామా వంతు పది రోజులకోసారి, ఒక్క పూట. గోదావరి కాలువల పక్కన పుట్టినదాన్ని, నీళ్లు అవే వస్తాయిలే అనుకునే జాతి మాది. చెట్టు ఎక్కడుండాలో చెప్పేది కాలువేనని ఆవిడ చేత్తో గీసి చూపించింది. దాహం ఎక్కువున్నవి కాలువ నోటి దగ్గర, ఓర్చుకునే దానిమ్మ చివర.

మళ్లీ గీశాను. ఈసారి తమ్ముడు పక్కన కూర్చున్నాడు. చలికాలంలో ఎండ దక్షిణం నుంచి వాలుగా పడుతుంది కాబట్టి పెద్ద చెట్టయిన అక్రోటును ఉత్తరపు అంచుకు జరిపాను, దాని నీడ మిగతావాటి మీద పడకుండా. కోనసీమలోలా ఒకదాన్నొకటి రాసుకునేలా కాకుండా ఎడం ఇచ్చాను. కింది మడిలో ఖుబానీ పెడదామంటే అతను తల అడ్డంగా ఊపాడు.

"కింది మడి వద్దక్కా. సలి మొత్తం జారి ఆడనే కూసుంటదట. పోయినేడు బకెట్ల నీళ్లు గడ్డ కట్టినయని పక్కోళ్లు చెప్పిన్రు."

పుస్తకాల్లో రాసిందీ అదే. బరువైన చల్లగాలి నీళ్లలాగే పల్లానికి జారుతుంది, తొందరగా పూసే చెట్టును పల్లంలో పెడితే పూత మాడుతుంది. ఖుబానీని పై మడికి ఎక్కించి, కింది మడి వెల్లుల్లికీ మేకల గడ్డికీ వదిలేశాను. మామా కొత్త షీటు చూసి, కాలువ మీద వేలు పెట్టి పై నుంచి కింది దాకా నడిపించి, తల ఊపింది. ఆ తల ఊపు నా డిగ్రీ కంటే ఎక్కువ సంతోషం ఇచ్చింది.

అక్టోబరులో ఇరవై రెండు మొక్కలు నాటాం. ప్రతి గుంతా తమ్ముడే తవ్వాడు, మేకల ఎరువు కలిపి ప్రతి మొక్కా పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టాడు. మామా మోకాళ్ల కోసం చలికాలం గడపడానికి కూతురి దగ్గరికి మస్కట్ దిగిపోయింది. పోతూ కొడుకుల ముందు నా వైపు చూపించి ఏదో అంది. "ఈవిడ చేతిలో పెట్టాను, ఇక చూసుకోండి" అందని టీచరు చెప్పింది. ఆ మాటకు వారం రోజులు నేను నేల మీద నడవలేదు.

నవంబరు చివర ఆకులు పసుపెక్కాయి. డిసెంబరులో రాలాయి. తమ్ముడు వీడియో పంపితే, "భయపడకు, నిద్రపోతున్నాయి. చలిచెట్లకు అది మామూలే" అని పాఠం చెప్పాను. శీతల ప్రాంతపు పండ్ల చెట్ల నిద్రావస్థ గురించి కాలేజీలో పరీక్ష కూడా రాశాను, తొమ్మిది మార్కులు వచ్చాయి పదికి.

జనవరిలో ఫోర్‌వీల్ బండి అద్దెకు తీసుకుని వెళ్లి కళ్లారా చూసేసరికి ఆ తొమ్మిది మార్కులూ ఎగిరిపోయాయి. ఇరవై రెండు పుల్లలు! అన్నీ బూడిదరంగు, ఒక్క ఆకు లేదు, ఒక్క మొగ్గ లేదు. మన దగ్గర రావి ఆకు రాల్చినా, వేప ఆకు రాల్చినా వెనకాలే చిగురు తోసుకొస్తుంది. మామిడి, జామ, సపోటా, కొబ్బరి, ఏ కాయచెట్టునైనా బోడిగా చూశామా? కాయచెట్టు బోడి అయిందంటే పీనుగే. ఒక ఖుబానీ కొమ్మ చివర తుంచాను. టక్కున విరిగింది, లోపల ఎండుపుల్ల. చదువు తలలో ఎక్కడో ఉంది, భయం మాత్రం కడుపులో కూర్చుంది.

"టీచరుగారిని అడగరాదూ?" అన్నారు మా ఆయన.

"అడిగితే ఏమనుకుంటారు? బీఎస్సీ చదివి ఆకు రాలడం తెలీదా అంటారు."

"తెలీదుగా మరి!"

ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. స్టాఫ్‌రూమ్‌లో టీచరు "మొక్కలెలా ఉన్నాయి?" అంటే "బ్రహ్మాండం" అని నోరు జారాను. జారిన నోరు వెనక్కి రాదు. ఇంకో నెలన్నరలో మామా కొండెక్కుతుంది, కొడుకులూ వెంట వస్తారు. పుల్లల తోట చూపించి నా మీద నమ్మకం పెట్టుకున్న మనిషి మొహం ఎలా చూడాలి?

తొందరపాటుకు నాకు ఎవరూ సాటిరారు. అల్ మవాలే వైపు ఒక నర్సరీకి పోయి నిగనిగలాడే పచ్చ మొక్కలు తెచ్చాను. నిమ్మ, జామ, కరివేపాకు, మునగ, రెండు అరటి పిలకలు కూడా. తిండి అడవేగా, ఏ తిండైతేనేం! కళ్లకు తోట కనబడాలి, అంతే. శుక్రవారం పైకి తీసుకెళ్లి తమ్ముడి ముందు దించాను.

"ఆ పుల్లలన్నీ పీకెయ్. ఆ గుంతల్లోనే ఇవి పెట్టెయ్."

అతను నేల చూశాడు. "అన్నీనా అక్కా?"

"అన్నీ. చచ్చినవాటికి నీళ్లు పోసి ఏం లాభం?"

"సరే అక్కా," అన్నాడు. ఆ "సరే" ఎలా ఉందో పట్టించుకోలేదు. పీకడం చూడలేక నేను వెంటనే కొండ దిగిపోయాను. దారంతా ఏడ్చాను. మా ఆయన పాపం ఒక్క జోకూ వేయలేదు. అదింకా ఏడిపించింది.

పదిహేను రోజుల తర్వాత, స్కూలు బెల్లు కొట్టకముందే ఫోను.

"అక్కా, మీ పచ్చచెట్లన్నీ నల్లగైనయ్. పొద్దున సూస్తే ఉడకవెట్టిన తోటకూరోలె వడిపోయినయ్. మస్తు సలి వెట్టింది."

అరటి పిలకలను మంచులో పెట్టిన మహా వ్యవసాయ శాస్త్రవేత్తను నేను. తల కొట్టేసినట్టయింది. "అంటే ఇప్పుడు అక్కడ అవీ లేవు, ఇవీ లేవు. అంతా బోడి నేలే కదా?" అన్నాను.

అతను గొంతు తగ్గించాడు.

"పాతయి పీకలే అక్కా."

"ఏంటీ?"

"తిట్టకుండ్రి. మీ పచ్చయి కింది మడిల వెట్టిన. పాతయి ముట్టలే. ఏడేండ్లు సిమెంటు పోసిన సేతులక్కా ఇవి, చెట్లు వెట్టుడు ఇదే మొదలు. పీకబుద్ధి గాలే." ఊపిరి పీల్చుకుని మళ్లీ అన్నాడు. "గంతేగాదు. మా గుట్టల సీతాఫలం చెట్లు ఎండకాలమంత మోడుగనే ఉంటయ్. ఆన వడంగనే సిగురు వెడ్తయ్. సచ్చినయని ఎవ్వలన్న పీకుతరా? ఇవి గూడ అసొంటియే గావచ్చు అనుకున్న. నిన్న గోటితోని గీకి సూసిన, లోపట పచ్చగున్నది."

గోటితో గీకడం! బెరడు గీకితే లోపల పచ్చగా ఉంటే చెట్టు బతికున్నట్టు. ఆ పరీక్ష కాలేజీలో నాకు మొదటి ఏడాదే నేర్పారు. పక్కనే నిలబడి కొమ్మ చివర తుంచానే గాని, కిందికి వంగి మొదలు గీకాలని తోచి చావలేదు. చివర్లు ఎండుతాయి, మొదలు బతికే ఉంటుంది. చెప్పిన పని చేయలేదని ముందు ఒళ్లు మండింది. ఆ తర్వాత స్టాఫ్‌రూమ్ మూలకు పోయి గోడ వైపు తిరిగి నవ్వుతూ ఏడ్చాను. టీచరు "ఇంట్లో అంతా కులాసాయేనా?" అని భుజం మీద చెయ్యేసింది.

ఆ శుక్రవారం వెళ్లి ఇరవై రెండు మొక్కలనూ గోటితో గీకాను. ఇరవై ఒకటి పచ్చన. ఒక బాదం నిజంగానే పోయింది. అక్రోటు మొదలు గీకేటప్పుడు తమ్ముడు నా వెనకే నిలబడి, "మెల్లగ గీకుండ్రి అక్కా, దానికి పుండయితది," అన్నాడు.

మార్చి మొదట్లో ఖుబానీలు పూశాయి. ఆకు లేకుండా, పుల్లకు అంటించినట్టు తెల్లటి పూలు, లేత గులాబీ అంచుతో. ఆకు రాకముందే పువ్వు రావడం నా కళ్లకు ఇంకా అలవాటు కాలేదు. నాలుగు రోజులకు పీచ్ కూడా అందుకుంది. మామా కర్ర పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి పై మడికి వచ్చింది. వెనక కొడుకులిద్దరూ, కూతురు. పెద్దకొడుకు ఫోను తీసి పూలు ఫొటో తీశాడు, తర్వాత పూలతో తనను తాను తీసుకున్నాడు, తర్వాత తల్లిని పూల పక్కన నిలబెట్టి తీశాడు. గెస్ట్‌రూముల సంగతి నాకు అప్పుడే అర్థమైపోయింది.

అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. తమ్ముడు దూరంగా కాలువ దగ్గర బురద తీస్తున్నాడు, మాకు వీపు పెట్టి. ఆ వీపు చూస్తూ పొగడ్తలు మింగడం నా వల్ల కాలేదు. ఇంగ్లీషులో టీచరుకు అంతా చెప్పేశాను. చచ్చాయనుకున్నాను, పీకమన్నాను, అతను పీకలేదు, బ్రహ్మాండం అన్నది అబద్ధం. కింది మడిలో నల్లబడ్డ అరటి మొక్కలు కూడా చూపించాను. టీచరు తల్లికి అరబిక్‌లో చెప్పింది.

మామా నల్లబడ్డ అరటినీ నన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. మొహం మీదికి ముసుగు లాక్కుని, కర్ర ఊగిపోయేలా నవ్వింది. కళ్లు తుడుచుకుని చెప్పింది, టీచరు నాకు చెప్పింది. మామా వాళ్లమ్మ సూర్ పిల్లట, సముద్రం ఒడ్డున పుట్టింది. కోడలై కొండెక్కిన మొదటి చలికాలం అత్తవారి చెట్లన్నీ మోడయ్యేసరికి, కొత్తకోడలి పాదం మంచిది కాదంటారని భయపడి, ఎవరికీ చెప్పకుండా తెల్లారి లేచి చెట్టు చెట్టుకూ కడవతో నీళ్లు మోసి పోసిందట. ఎవర్నీ అడగలేదట, సిగ్గుపడి. "ఎండలో పుట్టినవాళ్లందరికీ ఒకసారి అవుతుంది," అంది మామా. నా బుగ్గ గిల్లింది, నలభై ఏడేళ్లదాన్ని.

గెస్ట్‌రూములు రోడ్డు పక్క రాళ్ల జాగాలో కట్టుకుంటామని కొడుకులు అక్కడికక్కడే ఒప్పుకున్నారు. మామా అప్పుడు తమ్ముణ్ని పిలిచింది. వాళ్ల గుట్టల్లో మోడై మళ్లీ చిగురించే ఆ చెట్టేమిటని అడిగింది. అతను చేతులు తుడుచుకుంటూ, వచ్చిన కొద్దిపాటి అరబిక్‌లో సీతాఫలం వర్ణించాడు. మాటలు చాలక రెండు చేతులతో కాయ చేసి చూపించాడు, గింజ ఉమ్మి చూపించాడు. మామా నా షీటు తెప్పించి, నా చేతికి పెన్సిలిచ్చి, గీయమంది.

"సలికి బతుకతదో లేదో మామా," అని తెలుగులోనే అన్నాడతను.

ఎక్కడ గీయాలో నేను అతన్నే అడిగాను. పై మడిలో, తాను కట్టిన రాతిగోడకు ఆనించి చూపించాడు. పగలంతా ఎండ తాగిన రాళ్లు సాయంత్రం దాకా వెచ్చగా ఉంటాయి అక్కడ. ఆ షీటు మీద నా ఆలోచన కాని చెట్టు అదొక్కటే. మిగతా ఇరవై ఒక్కటీ నిలబడి ఉన్నది దాని పుణ్యాన. జగిత్యాల గుట్టల్లో దాన్ని మోడుగా చూసిన మనిషి ఇక్కడ ఉండబట్టి.

వేసవిలో అతను సెలవు మీద ఊరికి పోయి వస్తూ అగ్గిపెట్టెలో నిరుటి కాయల గింజలు తెచ్చాడు. డబ్బాలో వేస్తే నాలుగు మొలిచాయి. బలమైనదాన్ని ఏరి గోడ పక్కన పెట్టాడు. అది జానెడెత్తు అయిందని, మొన్న రెండు ఆకులు వేసిందని, నిన్న మేక చూసి పోయిందని నాకు వార్తలు వస్తూనే ఉన్నాయి. బాల్కనీలో చచ్చిపోయిన మల్లె చోట నేనూ ఒక గింజ పెట్టాను. అది మొలవలేదు. మా ఆయన ఎస్టేటు టూర్లు యథాప్రకారం నడుస్తున్నాయి.

ఈ డిసెంబరులో స్టాఫ్‌రూమ్‌లో ఉండగా ఫోను మోగింది. ఒక ఫొటో. రాతిగోడ పక్కన జానెడున్నర బూడిదరంగు పుల్ల, ఒక్క ఆకు లేదు. దాని కింద వాయిస్ మెసేజి.

"అక్కా, సీతాఫలం సచ్చినట్టున్నది. పీకెయ్యాల్నా?" ఆ వెనక పగలబడి నవ్వు, ఆ నవ్వు వెనక, ఈ ఏడాది చలికి కూడా కొండ దిగనన్న మామా నవ్వు.

"ముట్టుకుంటే నీ చెయ్యి విరగ్గొడతాను," అని చెప్పి పంపాను.